రక్తాంశుకము: కావ్యములందు, ఆచారమందు ఎఱ్ఱని వస్త్రధారణము

మన కావ్యములందలి వస్త్రవర్ణనమును కేవలాలంకారముగా చదివి దాటిపోవుట మనలో పరిపాటియైనది. నాయిక ఏ రంగు చీర కట్టినదను విషయము కథాగతికి సంబంధింపనిదని తలచి, వ్యాఖ్యాతలు పర్యాయపదములు చెప్పి ముందునకు సాగుదురు. పాఠము చెప్పువారును అట్లే సాగుదురు. కాని కొన్నియెడల వస్త్రము యొక్క వర్ణమే కథను నడపుచున్నది. దాని యర్థము తెలియనిచో సన్నివేశము యొక్క మర్మము మనకు అందదు. అట్టి వర్ణములలో మొదటిది ఎఱుపు.

ఎఱుపును గూర్చి సామాన్యముగా చెప్పు మాట ఒకటి కలదు: అది మంగళవర్ణము, సౌభాగ్యచిహ్నము అని. వేఱొకరు అది క్రోధమునకును హింసకును గుర్తు అందురు. రెండును నిజములే. అయినచో పరస్పర విరుద్ధములైన ఈ రెండర్థములు ఒక్క రంగునందు ఎట్లు నిలిచినవి? పెండ్లికూతు పాదములకును, కొఱతకు కొనిపోబడువాని కంఠమునకును ఒకే రంగు ఏల తగినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఇందులకు ముఖ్యముగా మూడు సంస్కృత కృతులను, పిమ్మట మన తెలుగు ఇండ్లలోని ఆచారములను పరిశీలింతము.

శబ్దముల సాక్ష్యము

మొదట మాటలను చూతము. సంస్కృతమున 'రంజ్' ధాతువునకు రంగు పట్టుట, ఎఱ్ఱబడుట, ఆసక్తి కలిగియుండుట అను అర్థములు కలవు. ఈ ధాతువు నుండియే 'రక్త' శబ్దము పుట్టినది. దానికి రంగు వేయబడినది, ఎఱ్ఱనిది, అనురాగము కలది, నెత్తురు అను నాలుగర్థములు. 'రాగము' అనగా రంగు, ఎఱుపు, ప్రేమ, సంగీతమందలి రాగము. 'అనురాగము' రంగు అంటుకొనుట. 'విరాగము' రంగు వెలిసిపోవుట. బట్టలకు రంగు వేయు రజకుడును, నాటకమాడు రంగమును, మనము నిత్యము పలుకు 'రంగు' అను మాటయు ఈ కుటుంబమునకు చెందినవే. ప్రేమించుట అనగా రంగు పట్టుట అని భావించిన జాతి ఆ రంగు ఏదియో వేఱుగా చెప్పనక్కఱలేదు. పేరు చెప్పని రంగు ఎఱుపే.

తెలుగున ఎఱుపునకు రెండు దేశ్యమూలములు కనబడుచున్నవి. ఒకటి 'ఎఱ' అను ధాతుభాగము: ఎఱ్ఱ, ఎఱ్ఱని, ఎఱుపు. రెండవది 'కెం' అనునది. కెంపు, కెందామర, కెంజాయ, కెమ్మోవి అను వానియందు అది కకారముతోను, చెందామర, చెంగలువ, చెంగావి అను వానియందు చకారముతోను నిలిచినది. కన్నడమున 'కెం', తమిళమున 'చెం' వినబడును. తెలుగు రెండింటిని దాచుకొన్నది.

నుడికారమును గమనించినచో మఱొక విషయము తెలియును. కోపము వచ్చినవాడు కన్నెఱ్ఱ చేయును. సిగ్గుపడిన కన్నియ చెంపలు కెంపులగును. చక్కనివాని ఎఱ్ఱగా బుఱ్ఱగా ఉన్నాడందుము. మనసులో ఒక వికారము కలిగినపుడు మనుష్యదేహము తనంతట తాను పైకి చూపు వర్ణము ఇది. నలుపును, పసుపును, ఆకుపచ్చయు దేహము ఇట్లు క్షణములో ధరింపదు. కోపమునందును, లజ్జయందును, ప్రేమయందును నెత్తురు ముఖమునకు ఎక్కును. కావున ఎఱ్ఱని వస్త్రము ధరించుట అనగా చర్మము క్రింద దాగియున్నదానిని చర్మము మీదికి తెచ్చుకొనుటయే. నెత్తురు లోపలనున్నంతవఱకు ప్రాణము. వెలికి వచ్చినచో మరణము. ఎఱుపునందలి రెండర్థముల వైరుధ్యమునకు బీజము ఇచటనే ఉన్నది.

అద్దకపువాని శాస్త్రము, ఆలంకారికుని శాస్త్రము

భరతుడు నాట్యశాస్త్రము ఆఱవ అధ్యాయమున రసములకు వర్ణములు నిర్ణయించుచు రౌద్రమునకు ఎఱుపును, శృంగారమునకు శ్యామవర్ణమును చెప్పెను. రాగమే ఎఱుపైనపుడు శృంగారము శ్యామమెట్లయ్యెనని విద్యార్థులు అడుగుట కలదు. భరతుని వర్ణవిభాగము రసాధిదేవతలతో పొసగుచున్నది: శృంగారమునకు విష్ణువు, రౌద్రమునకు రుద్రుడు అధిదేవతలు. అది రంగస్థలమునకు సంబంధించిన వ్యవస్థ. ప్రేమ యొక్క లోపలి స్వభావమును చెప్పవలసి వచ్చినపుడు మాత్రము ఆలంకారికులు మరల అద్దకపుతొట్టి యొద్దకే పోయిరి.

పదునాలుగవ శతాబ్దివాడైన విశ్వనాథుడు సాహిత్యదర్పణమున పూర్వరాగమును మూడు విధములుగా విభజించెను: నీలీరాగము, కుసుంభరాగము, మంజిష్ఠారాగము. మిక్కిలి ప్రకాశింపక, మనసునుండి తొలగిపోక ఉండునది నీలీరాగము. దీనికి సీతారాముల ప్రేమను ఉదాహరణముగా చూపెను. ప్రకాశించును గాని తొలగిపోవునది కుసుంభరాగము. తొలగిపోక, మిక్కిలి ప్రకాశించునది మంజిష్ఠారాగము. రూపగోస్వామి ఉజ్జ్వలనీలమణియందు ఈ విభాగమునే మఱికొంత విస్తరించి నీలిమ, రక్తిమ అని రెండు వర్గములు చేసి, రక్తిమయందు కుసుంభమును మంజిష్ఠను చేర్చెను.

ఇది కవి కల్పనము కాదు; అద్దకపువాని అనుభవము. కుసుంభ పూరేకులలో రెండు రంగులు కలవు. వానిలోని పసుపు నీటిలో కరిగి పోవును. దానిని కడిగివేసి, రేకులను క్షారజలమున నానబెట్టినచో ఎఱుపు దిగును. పిమ్మట పులుపు చేర్చి ఆ ఎఱుపును వస్త్రమునకు పట్టింతురు. ఆ రంగు చూచుటకు కన్నులపండువుగా నుండును. కాని ఎండ తగిలినను, చవుటినీటిలో ఉతికినను వెలిసిపోవును. నేడు తెలంగాణమునందును రాయలసీమయందును కుసుమలను నూనెకొఱకు పండించుచున్నారు. ఆ పువ్వునుండి ఒకప్పుడు పెండ్లిబట్టలకు రంగు తీసెడివారన్న సంగతి పలువురు మఱచిరి.

మంజిష్ఠ రీతి వేఱు. అది వేరునుండి వచ్చు రంగు. వస్త్రమును ముందుగా పటికనీటిలో తడిపినగాని అది పట్టదు. పటికతో కలిసినపిమ్మట అది నూలుపోగులో భాగమైపోవును. ఉతికినకొలది మురికి పోవునే గాని రంగు పోదు. మన తీరమున ఈ పని చేసినది చిరువేరు. మచిలీబందరు అద్దకములు సముద్రము దాటి పారశీకమునకును, ఐరోపాకును పోయి ప్రసిద్ధి గాంచుటకు ఈ చిరువేరు ఎఱుపు ముఖ్యకారణము. కరక్కాయ కషాయమున నానబెట్టి, పటికతో గీతలు వ్రాసి, వేరుతో కలిపి కాచి, ప్రవాహజలమున ఉతికి ఆరవేయుట అను వరుసలో ఒక్కటి తప్పినను ఎఱుపు నిలువదు.

'మంజిష్ఠారాగము' అను పారిభాషికపదము వెనుక ఇంత శ్రమ కలదు. నిలుచు ప్రేమకు వేరు ఉండవలెను, అది పట్టుటకు ముందు ఒక పటిక ఉండవలెను, కాచుటయు ఉండవలెను. పువ్వునుండి వచ్చినది పువ్వువలెనే పోవును. ఈ భేదము ఎఱిగిన పాఠకునకు ఆలంకారికుని వర్గీకరణము శుష్కముగా తోపదు.

1868లో జర్మనీదేశమున గ్రేబె, లీబర్మన్ అను ఇరువురు రసాయనశాస్త్రజ్ఞులు వేరులలోని అలిజరిన్ అను రంజకద్రవ్యమును తారునుండి లభించు పదార్థముతో కృత్రిమముగా తయారుచేసిరి. మఱుసటి సంవత్సరమునుండి అది వ్యాపారమార్గము పట్టినది. కొన్ని దశాబ్దములలో వేరుల సేద్యము దేశదేశములందు క్షీణించినది. నిలుచు ఎఱుపు చవుక యైనది. అది ప్రజలకు మేలే. కాని వెలిసిపోవు ఎఱుపునకును, వెలియని ఎఱుపునకును గల భేదము వాడుకనుండి తొలగి, గ్రంథములలో మాత్రమే మిగిలినది.

కాళిదాసుని మూడు వస్త్రములు

ఇక కావ్యములకు వత్తము. పెండ్లికూతురు ఎఱ్ఱని చీరయే కట్టునని అనుకొనువారికి కుమారసంభవము ఒక హెచ్చరిక. మూడవ సర్గమున పార్వతి వసంతపుష్పాభరణములు దాల్చి శివుని తపోవనమునకు వచ్చునపుడు ఆమె వస్త్రము ఉదయించుచున్న సూర్యుని వర్ణముతో నున్నది. మన్మథుడు చెంతనున్నాడు. అది ఆకర్షించుటకు ధరించిన ఎఱుపు. ఆ ప్రయత్నము మన్మథదహనముతో ముగిసినది. అయిదవ సర్గమున ఆమె హారమును విడిచి, వల్కలము కట్టినది. చిత్రమేమనగా ఆ వల్కలమును కూడ కవి బాలారుణుని వన్నెతోనే పోల్చినాడు. కాంతి అదియే, పట్టు పోయి నారచీర వచ్చినది. ఏడవ సర్గమున వివాహస్నానము చేసి వస్త్రము ధరించిన పార్వతిని, వానలు వెలిసినపిమ్మట ఱెల్లుపూలు పూచిన భూమితో పోల్చినాడు. అనగా అది తెల్లని వస్త్రము. అయిదవ సర్గమున కపటబ్రహ్మచారి వధూదుకూలమును హంసల గుర్తులు కలదిగా చెప్పి, దానికి సరిజోడు కానిదిగా నెత్తురు చినుకుచున్న గజచర్మమును నిలిపినాడు.

అయినచో ఈ పెండ్లిలో ఎఱుపు లేదా? కలదు, అది వస్త్రమును విడిచి పాదములకు దిగినది. చెలికత్తె పార్వతి పాదములకు లత్తుక పూసి, ఈ పాదముతో మగని తలమీది చంద్రకళను తాకుమని పరిహాసమాడగా, ఆమె మాటాడక పూదండతో చెలిని కొట్టినది. కాళిదాసుని కాలపు వధువు తెల్లని వస్త్రమును, ఎఱ్ఱని పాదములును మనకు ఎచ్చటనో చూచినట్లే తోచును. దానిని ముందు చెప్పెదను.

శూద్రకుని మూడు ఎఱుపులు

మృచ్ఛకటికమున ఎఱుపు మూడు రూపములతో నడచును. ప్రథమాంకమున చీకటివీధిలో శకారుడు తఱుముచుండగా పరుగెత్తు వసంతసేన గాలికి అంచులు రెపరెపలాడు ఎఱ్ఱని పట్టు ధరించియున్నది. ఇది మొదటి ఎఱుపు. అది రాగము, అదియే ఆమెను వేటకానికి పట్టించు గుర్తు. అష్టమాంకమున ఒకప్పటి సంవాహకుడు, ఇప్పటి బౌద్ధభిక్షువు, తన కాషాయవస్త్రము ఉతుకుకొనుచు శకారుని చేత దెబ్బలు తినును. శకారుడు గొంతు నులిమి ఆకులక్రింద కప్పిపోయిన వసంతసేనకు ఆ భిక్షువే తడిసిన వస్త్రమును పిండి నీరు పోసి ప్రాణము నిలుపును. ఇది రెండవ ఎఱుపు, వెలిసిన ఎఱుపు. రక్తయైన స్త్రీని విరక్తుని వస్త్రము బ్రదికించినది.

మూడవది దశమాంకమున కలదు. హత్యానేరము మోపబడిన చారుదత్తుని చండాలురు వధ్యస్థానమునకు కొనిపోవుచున్నారు. అతని మెడలో ఎఱ్ఱగన్నేరు దండ. దేహమంతట ఎఱ్ఱచందనపు అఱచేతి ముద్రలు. పైన పిండి చల్లినారు. మనుష్యుడనైన నన్ను పశువును చేసిరని అతడు వాపోవును. ఈ మాటయందు సన్నివేశపు రహస్యమున్నది. వధ్యుని అలంకారము బలిపశువు యొక్క అలంకారమే. శిక్ష విధించునపుడు సమాజము తాను చంపుచున్నాననుకొనదు; అర్పించుచున్నాననుకొనును.

ఇంతలో భిక్షువుతో వసంతసేన వచ్చును. వధ నిలిచిపోవును. అపుడు చారుదత్తుడు తన మేనిమీది ఎఱుపును చూచుకొని పలుకు పలుకులు ఈ నాటకమునకు శిఖరము. ఆ ఎఱ్ఱని వస్త్రమే, ఆ దండయే, ప్రియురాలు వచ్చుటచేత వరుని అలంకారములైనవట. ఆ వధ్యపటహధ్వనులే పెండ్లిబాజాలవలె వినబడుచున్నవట. వస్త్రము మాఱలేదు, దండ మాఱలేదు, మ్రోగుచున్న వాద్యము మాఱలేదు. ఎదుట నిలిచిన మనిషి మాఱినది. అంతటితో అర్థమంతయు తలక్రిందులైనది. దీనిని కేవలము చమత్కారముగా చదువరాదు. నాటకాంతమున క్రొత్తరాజు వసంతసేనకు 'వధూ' శబ్దమును ప్రసాదించును. అనగా చారుదత్తుడు పోలికగా పలికినది కొంతసేపటికి నిజమగును. వధ్యమాల వరమాలగా మాఱినది.

శ్రీహర్షుని రక్తవస్త్రయుగళము

క్రీ. శ. 606 నుండి 647 వఱకు రాజ్యమేలిన శ్రీహర్షుని నాగానందమున ఇదియే త్రోవ ఎదురు దిక్కుగా నడచినది. ఈ నాటకమును వేదము వేంకటరాయశాస్త్రిగారు తెలుగుచేసియున్నారు గనుక మన పాఠకులకు ఇతివృత్తము పరిచితమే.

చతుర్థాంకమున నాగకుమారుడు శంఖచూడుని వంతు వచ్చినది. వాసుకి ఆజ్ఞచే భటుడు ఎఱ్ఱని వస్త్రములజత తెచ్చి, అవి కట్టుకొని వధ్యశిల ఎక్కుమనును. ఎఱ్ఱని బట్టను చూచి గరుడుడు తన ఆహారమును గుర్తించును. ఇచట ఎఱుపు కేవలము చిహ్నము. 'ఇతడు నీవాడు' అని తెలుపు ముద్ర. జీమూతవాహనుడు ఆ బాలుని తల్లి దుఃఖమును చూడలేక, ఆ వధ్యచిహ్నమును తనకిమ్మని అర్థించును. వారు ఒప్పుకొనరు. ఇతరుని ప్రాణముతో తన ప్రాణము కొనుటకు శంఖచూడుడు ఇష్టపడడు. తల్లియు, కుమారుడును గోకర్ణేశ్వరునకు ప్రదక్షిణము చేయుటకు పోవుదురు. జీమూతవాహనుడు ఒంటరిగా నిలిచియుండును. చిహ్నము లేదు. అది లేనిదే త్యాగము సాధ్యము కాదు.

ఆ క్షణమున కంచుకి ప్రవేశించును. అతని చేతిలో ఎఱ్ఱని వస్త్రములజత! క్రొత్త అల్లునికి అత్తగారు పంపిన మంగళవస్త్రములు అవి. మలయవతిని పెండ్లాడుట తనకు ఫలించినదని జీమూతవాహనుడు సంతోషించును. ఆ పెండ్లిబట్టలే కట్టుకొని వధ్యశిల ఎక్కును. గరుడుడు పొరపడి ఎత్తుకొనిపోవును.

కవి ఇచట ఒక్క వస్త్రముతో నాటకమంతయు ముడివేసినాడు. వాసుకి పంపిన ఎఱుపునకును, అత్తగారు పంపిన ఎఱుపునకును కంటికి భేదము లేదు. భేదమున్నచో కథ నడవదు. ఆకాశమునుండి చూచు గరుడునకు పెండ్లికొడుకును, బలియు ఒక్కటే. అత్తగారు అల్లుని దీర్ఘాయువు కోరి పంపిన బట్ట అతని మృత్యువునకు ద్వారమైనది. అతని కీర్తికిని అదియే ద్వారమైనది. శూద్రకుడు వధ్యుని ఎఱుపును వరుని ఎఱుపుగా చేసినాడు. శ్రీహర్షుడు వరుని ఎఱుపును వధ్యుని ఎఱుపుగా చేసినాడు. ఈ ఇద్దఱు కవులను ప్రక్కప్రక్కన నిలిపి చదివినపుడుగాని ఎఱుపు యొక్క పూర్ణార్థము మనకు స్ఫురింపదు.

ఆ అర్థమేమి? ఎఱుపు మంగళమును చెప్పదు, మరణమును చెప్పదు. 'ఈ వ్యక్తి అర్పింపబడినాడు' అని చెప్పును. ఎవరికి అర్పింపబడినాడను దానినిబట్టి అది మంగళమో, అమంగళమో అగును. వధువు వరునికి అర్పింపబడును, బలి దేవతకు, వధ్యుడు రాజదండమునకు, భక్తుడు అమ్మవారికి. వీరందఱును ఒక గడపపై నిలిచినవారు. ఈవలివారు కారు; ఆవలికి ఇంకను చేరలేదు. ఆ గడప రంగు ఎఱుపు.

తెలుగు ఇంట ఎఱుపు పండుట

ఇపుడు మన ఇండ్లకు వత్తము. ఉత్తరహిందూస్థానమున వధువు ఎఱ్ఱని వస్త్రము ధరించుట ప్రసిద్ధము. తెలుగుదేశమున సంప్రదాయసిద్ధమైన మధుపర్కములు తెల్లనివి. వానికి ఎఱుపో, మఱియొక రంగో అంచు ఉండును. ఎఱుపు నొసట కుంకుమయై, పాదములకు పారాణియై నిలుచును. కాళిదాసుని పార్వతిని చూచినట్లు తోచునని ముందు చెప్పినది ఇందులకే. తెల్లని వస్త్రము, ఎఱ్ఱని పాదములు గల ఆ వధువు మన పెండ్లిపీటలమీద నేటికిని కూర్చుండుచున్నది. చలనచిత్రములను చూచి వధువనిన ఎఱ్ఱచీరయే అనుకొను నేటి విద్యార్థికి ఈ విషయము చెప్పవలసియున్నది.

మన ఎఱుపులో మఱొక విశేషము కలదు. పారాణి ఎట్లు తయారగును? పసుపునీటిలో సున్నము కలిపినచో అది క్షణములో ఎఱ్ఱనగును. పసుపుకొమ్ములనుండి కుంకుమ చేయు పాతపద్ధతి కూడ ఇట్టిదే. పసుపునందలి రంజకద్రవ్యము క్షారము తగిలిన ఎఱుపుగా మాఱును. పచ్చని గోరింటాకు నూరి పెట్టినచో చేయి ఎఱ్ఱనగును. పచ్చని తమలపాకు, వక్క, తెల్లని సున్నము కలిసినచో నోరు ఎఱ్ఱనగును. వీనిలో ఏదియు మొదట ఎఱుపు కాదు. రెండు వస్తువుల కలయికచే ఎఱుపు పుట్టినది. దీనికి తెలుగువారు వాడిన క్రియ 'పండుట'. గోరింట పండినది, నోరు పండినది. కాయ పండినట్లే చేయి పండును. గోరింట ఎఱ్ఱగా పండిన కన్నెకు మంచి మగడు వచ్చునని పెద్దలు అనుటలో వేడుక మాత్రమే కాదు, ఒక దర్శనము కూడ ఉన్నది. సంస్కృతమున రాగము వెలుపలినుండి పట్టు రంగు. తెలుగున ఎఱుపు లోపలనుండి పండు రంగు.

పసుపు కన్యకకును కలదు, కుంకుమయు కలదు. అయినను పసుపుకుంకుమలను జంటగా పలికినపుడు ఆ మాటకు సౌభాగ్యమని అర్థము. ఈ ఎఱుపు యొక్క శక్తి అది ఉన్నపుడు కంటె దానిని తీసివేసినపుడు తెలిసెడిది. మగడు పోయిన స్త్రీ నొసటి కుంకుమను తుడిచి, రంగుచీర మాన్పించి, పారాణికిని, గోరింటకును దూరము చేసిన ఆచారము మన సమాజమున దీర్ఘకాలము నిలిచినది. ఎట్టి నేరమును చేయని పసిపిల్లలకు కూడ ఈ శిక్ష తప్పలేదు. వధ్యునికి ఎఱుపు తొడిగిన సమాజమే వితంతువునకు ఎఱుపు ఊడబెఱికినది. రెండింటను వ్యక్తి మాట చెల్లలేదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు జరిపించిన తొలి వితంతువివాహమును సంఘసంస్కరణ చరిత్రలో చదువుదుము. వర్ణచరిత్రలో కూడ దానికి స్థానమీయవలెను. మరల కుంకుమ పెట్టుకొనవచ్చునని ఒక బాలిక నుదుటిమీద వ్రాసిన దినము అది.

దీనికి ఎదురు కొసన ఇంకొక ఆచారము కలదు. భర్త ఉండగా మరణించిన స్త్రీని పుణ్యస్త్రీయందురు. ఆమెను పసుపు రాచి, కుంకుమ పెట్టి, క్రొత్తచీర కట్టి, పూలు ముడిచి, పెండ్లికూతునివలె అలంకరించి సాగనంపుదురు. ఇరుగుపొరుగు ముత్తైదువలు వచ్చి ఆమె కుంకుమను ప్రసాదముగా గ్రహింతురు. ఆ దృశ్యమును చూచినవారికి శ్రీహర్షుని చతుర్థాంకమునకు వేఱు వ్యాఖ్యానము అక్కఱలేదు. పెండ్లి ఎఱుపే చివరి ప్రయాణపు ఎఱుపైనది. మొదటిసారి గడప దాటినపుడు పెట్టిన రంగుతోనే రెండవసారియు దాటింతురు. ఆ యింట ఏడ్చువారికి అది దుఃఖమును పెంచునో, ఉపశమింపజేయునో చెప్పలేము; రెండును చేయును. వర్ణమునకు భావశక్తి అనగా ఇదియే.

దీక్ష, కావి, చొక్కా

అర్పణార్థము స్పష్టముగా నిలిచిన మఱొక తావు దేవీభక్తి. లలితాదేవి ధ్యానమున దేహకాంతియు, వస్త్రమును, పుష్పములును, ఆభరణములును సమస్తము అరుణవర్ణమే. నేడు విజయవాడ ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మకు భవానీదీక్ష వహించువారు ఎఱ్ఱని వస్త్రములు ధరింతురు. దీక్షాకాలమంతయు వారిని పేరుపెట్టి పిలువక 'భవానీ' అందురు. సొంతపేరు పోయి అమ్మవారి పేరు వచ్చుట గమనింపదగినది. ఎఱుపు ధరించినవాడు తనవాడు కాడనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

కావి ఈ త్రోవకు చివర నున్నది. అది మంటినుండి వచ్చిన ఎఱుపు; శోభ తగ్గిన ఎఱుపు. లోపలి కల్మషము పోనివాడు కాషాయమునకు అర్హుడు కాడని ధమ్మపదము శ్లేషతో హెచ్చరించినది. అనగా రంగు వెలియుట కూడ ఒక అద్దకమే. అదియు లోపల జరుగవలెను.

ఆధునికకాలమున ఎఱుపు సంఘములకు గుర్తైనది. 1860లో ఇటలీయందు గరిబాల్డీ అనుచరులు ఎఱ్ఱచొక్కాలు ధరించిరి. వాయవ్య సరిహద్దున ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ సేవకులు తెల్లని ఖద్దరు త్వరగా మాయుచున్నదని ఇటుక రంగు వేసికొనిరి. అవసరముచే వచ్చిన రంగు కొలదికాలములోనే ప్రతిజ్ఞగా మాఱినది. అర్థము వేఱైనను వ్యాకరణము ప్రాతదే: వీరు ఒక కార్యమునకు తమ్ము ఇచ్చుకొన్నవారు.

మనశ్శాస్త్రజ్ఞులును ఎఱుపును పరీక్షించిరి. 2004 ఏథెన్సు ఒలింపిక్ క్రీడలలో నాలుగు ద్వంద్వయుద్ధ క్రీడలకు పోటీదారులకు ఎఱుపో, నీలమో వస్త్రములు వంతు తీసి ఇచ్చిరి. ఎఱుపు ధరించినవారు నూటికి 55 పోటీలలో గెలిచిరని 2005లో ఇద్దఱు ఆంగ్లేయ పరిశోధకులు ప్రకటించిరి. పిమ్మటి పరిశీలనలలో ఆ ఆధిక్యము అంత స్పష్టముగా నిలువలేదు. అది నిలిచినను, నిలువకున్నను ఇట్టి లెక్కలు గెలుపు ఓటములను చెప్పగలవు గాని, ఒకే వస్త్రము ఒకనికి పెండ్లిబట్టగను, వేఱొకనికి మృత్యుముద్రగను ఏల తోచినదో చెప్పజాలవు. ఆ పని సాహిత్యమునకే చెల్లినది.

ఉపసంహారము

పై పరిశీలనము వలన తేలినది ఇది. ఎఱుపు యొక్క భావశక్తికి మూలము నెత్తురు. అది ప్రాణమును మరణమును కలిసియున్న చోటు గనుక, ప్రాణము ఒకరినుండి వేఱొకరికి అర్పింపబడు ప్రతి సంధియందును మనుష్యుడు ఆ రంగును ధరించినాడు. వివాహము, బలి, శిక్ష, దీక్ష, సన్న్యాసము ఈ సంధులే. అర్పణము ప్రేమతో జరిగినచో అది మంజిష్ఠ; ఆడంబరముతో జరిగినచో కుసుంభము; బలిమితో జరిగినచో వధ్యమాల.

ఈ మూడింటి భేదమును కంటితో చూచి చెప్పలేము. గరుడుడే పొరపడినాడు. వస్త్రము ఎవరు పంపినారు, ఎవరు కోరి కట్టినారు అని విచారించినపుడుగాని తెలియదు. కావున కావ్యమున ఎఱ్ఱని వస్త్రము ఎదురైనపుడు అధ్యాపకుడు పర్యాయపదము చెప్పి ఊరకొనక, 'ఇది ఎవరికి అర్పణము? కట్టినవారి ఇష్టమున్నదా?' అను రెండు ప్రశ్నలు విద్యార్థులచే అడిగింపవలెను. ఆ ప్రశ్నలు కావ్యముతో ఆగవు, ఇంటివఱకు వచ్చును. అట్లు వచ్చుటయే మంచిది.